బట్ట మారితే సూది కూడా మారాలి: మీ కుట్టు సందేహాలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మిషన్ మీద ఫిర్యాదులే. కుట్టు వదిలేస్తోంది, దారం తెగుతోంది, బట్ట ముడుచుకుంటోంది, మెకానిక్ వచ్చి టెన్షన్ (దారం బిగుతు) మార్చి వెళ్లాడు, రెండ్రోజులు బాగానే ఉండి మళ్లీ మొదటికొచ్చింది అని. మిషన్ కంపెనీ పేరు రాశారు, ఎన్నేళ్ల కిందట కొన్నారో రాశారు, దారం ఏ షాపులో కొన్నారో కూడా రాశారు. సూది నంబర్ రాసినవాళ్లు మాత్రం దాదాపు లేరు. బట్టలోకి దిగేది, దారాన్ని కిందికి తీసుకెళ్లి అడుగున తిరిగే షటిల్‌కి అందించేది సూదే కదా, దాన్ని ఎవరూ అనుమానించకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది, ఎందుకంటే మెకానిక్‌కి ఇచ్చే డబ్బులో చిన్న భాగంతో ఒక ప్యాకెట్ సూదులు వస్తాయి. అందుకే ఈసారి సూది గురించిన ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను.

ప్రశ్న: అక్కా, నాది నల్ల తొక్కుడు మిషన్. కాటన్ జాకెట్లు, లంగాలు చక్కగా కుడుతుంది. జార్జెట్, క్రేప్ పెడితే మాత్రం కుట్టు వెంబడి బట్ట ముడుచుకుపోతోంది, అక్కడక్కడా పోగు లాగేసి అడ్డంగా గీతలా కనబడుతోంది. టెన్షన్ రెండుసార్లు సరిచేయించాను. బట్టదే లోపమా? (తణుకు నుంచి ఒక గృహిణి)

జవాబు: బట్టది కాదు, మిషన్‌ది కూడా కాకపోవచ్చు. ముందు సూది విప్పి నంబర్ చూడండి. మిషన్‌లో బిగించే లావుపాటి కాడ మీద సన్నగా చెక్కి ఉంటుంది, కంటికి ఆనకపోతే ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూడండి. మన దగ్గర చాలా ఇళ్లలో ఒకటే 16 నంబర్ సూది అన్నింటికీ నడుస్తుంటుంది, మీది కూడా అదే అయి ఉంటుందని నా అంచనా.

ప్యాకెట్ మీద 90/14, 100/16 అని రెండు అంకెలు ఉంటాయి. పెద్ద అంకె సూది లావు. 100 అంటే సరిగ్గా ఒక మిల్లీమీటరు, 90 అంటే 0.9, 65 అంటే 0.65. రెండో అంకె మనం షాపులో అడిగే నంబర్. చేతి సూదుల్లో నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, మిషన్ సూదుల్లో నంబర్ పెరిగితే లావవుతుంది, చేతి కుట్టు అలవాటున్నవాళ్లు ఇక్కడే తికమకపడి సన్న బట్టకని పెద్ద నంబర్ తెచ్చుకుంటారు.

ఇప్పుడు మీ జార్జెట్ సంగతి. అందులో పోగులు చాలా సన్నం, దగ్గరదగ్గరగా ఉంటాయి. మిల్లీమీటరు లావున్న సూది వాటి మధ్యలోకి దిగితే పోగులు పక్కకి జరగాలి, జరగడానికి చోటు లేదు, ప్రతి కుట్టు దగ్గరా ఒకదాని మీదికొకటి తోసుకుంటాయి. ఆ తోపులాటే మీకు ముడతగా కనబడుతోంది. దీన్ని టెన్షన్ తిప్పి సరిచేయలేరు. ఇక గీత ఎందుకు పడుతోందంటే, పాలిస్టర్ జార్జెట్ పోగు కాటన్‌లా పొట్టి పొట్టి పీచులు కలిపి వడికింది కాదు, ఆ చివర నుంచి ఈ చివర దాకా తెగకుండా సాగే పోగు. అరిగిన సూది మొన దాన్ని ఒక్కచోట పట్టుకు లాగినా ఆ లాగుడు జానెడు దూరం కనబడుతుంది. అదే మొన కాటన్‌లో చిన్న పీచుని తెంపేసి ఊరుకుంటుంది, మనకి తెలియదు. మీ కాటన్ జాకెట్లు బాగా వస్తున్నాయంటే సూది బాగుందని అర్థం కాదు, కాటన్ ఓర్చుకుంటోందని అర్థం.

జార్జెట్, క్రేప్, షిఫాన్‌కి 11 నంబర్, మరీ పల్చనిదైతే, ఆర్గంజా లాంటిదైతే 9 తీసుకోండి. దొరికితే మైక్రోటెక్స్ లేదా షార్ప్ అని రాసి ఉన్నది అడగండి, వాటి మొన మామూలు సూది కంటే సన్నగా, పదునుగా ఉంటుంది, కుట్టు గీత గీసినట్టు తిన్నగా వస్తుంది. సూది సన్నదైతే దారం కూడా సన్నదే ఉండాలి. సరిపోయిందో లేదో చూడ్డానికి తేలికైన పద్ధతి ఒకటుంది, మూరెడు దారం ముక్క తీసుకుని విడి సూది బెజ్జంలో ఎక్కించి, దారాన్ని రెండు చేతులతో ఏటవాలుగా బిగించి పట్టుకోండి. సూది తనంతట తాను జారి కిందికి వస్తే జోడీ కుదిరినట్టు, మధ్యలో ఆగిపోతే దారం ఆ బెజ్జానికి లావు.

మొదటి కుట్టు దగ్గర బట్ట కిందికి లాక్కుపోకుండా పల్చటి కాగితం అడుగున పెట్టి కుట్టి తర్వాత చింపేయండి, మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల చివరలూ వెనక్కి పట్టుకోండి. ఇవన్నీ చేశాక కూడా ముడత వస్తే అప్పుడు టెన్షన్ జోలికి వెళ్లండి. మామూలు పాప్లిన్, మంగళగిరి కాటన్, చుడీదార్ బట్టలకి 14 హాయిగా సరిపోతుంది, మల్‌మల్, వాయిల్ లాంటివాటికి 11. మీ మిషన్‌లో 16 అవసరమయ్యేది అరుదే.

ప్రశ్న: అక్కా, నేను బీటెక్ చదువుతున్నాను, వీడియోలు చూసి కుట్టు నేర్చుకుంటున్నాను. కొత్త జిగ్‌జాగ్ మిషన్. టీషర్టులు, లెగ్గింగ్స్ కుడితే నాలుగు కుట్లు పడి రెండు వదిలేస్తోంది. సూది కొత్తదే, 14. బట్టని కాస్త లాగి పట్టుకుంటే పడుతోంది, కానీ తర్వాత అంచు అలలు అలలుగా వస్తోంది. (కూకట్‌పల్లి, హైదరాబాద్)

జవాబు: సూది కొత్తదే, కానీ రకం తప్పు. నంబర్ ఒక్కటి చూస్తే చాలదు, మొన ఎలాంటిదో కూడా చూడాలి, ఇది మన షాపుల్లో ఎవరూ చెప్పరు.

కుట్టు ఎలా పడుతుందో ఒకసారి అర్థం చేసుకుంటే నీకు ఇక ఎవరినీ అడగాల్సిన పని ఉండదు. మిషన్ సూదికి బెజ్జం మొన దగ్గర ఉంటుంది, 1846లో అమెరికాలో ఎలయాస్ హోవే పేటెంట్ తీసుకున్న మిషన్ నుంచీ ఇదే పద్ధతి. సూది దారంతో సహా అడుగుదాకా దిగి, మళ్లీ పైకి లేవడం మొదలుపెడుతుంది. ఓ రెండు మిల్లీమీటర్లు లేచేసరికి, బట్ట దారాన్ని ఒరుసుకుని పట్టి ఉంచుతుంది కాబట్టి సూది వెనకవైపు దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా ఆ క్షణంలో షటిల్ కొక్కెం వచ్చి ఆ ఉచ్చులో దూరి దాన్ని అడుగు దారం చుట్టి ఉండే బాబిన్ చుట్టూ తిప్పుతుంది. అదీ ఒక కుట్టు. సాగే బట్టలో ఏమవుతుందంటే, సూది లేచేటప్పుడు బట్ట కూడా దానికి అంటుకుని పైకి లేస్తుంది, ఒరిపిడి ఉండదు, ఉచ్చు ఉబ్బదు, కొక్కెం ఖాళీగా తిరిగి వెళ్లిపోతుంది. నువ్వు బట్ట లాగి పట్టుకున్నప్పుడు కుట్టు పడుతున్నది ఇందుకే, బిగుతుగా ఉంటే బట్ట లేవదు. కానీ లాగి కుట్టిన అంచు సాగినట్టే ఉండిపోతుంది, వదిలాక పూర్తిగా వెనక్కి రాదు, అందుకే అలలు.

టీషర్ట్ బట్ట, బనియన్ క్లాత్‌కి బాల్ పాయింట్ లేదా జెర్సీ అని రాసి ఉన్న సూది తెచ్చుకో. దాని మొన గుండ్రం, పోగుల్ని గుచ్చకుండా మధ్యలోంచి జారి దిగుతుంది. పదును సూదితో కుడితే అల్లికలో పోగు తెగుతుంది, ఆ రోజు కనబడదు, రెండు ఉతుకులయ్యాక కుట్టు పక్కనే చిన్న చిన్న చిల్లులు తేలతాయి. లెగ్గింగ్స్, లైక్రా ఎక్కువున్న బట్ట, స్విమ్ సూట్ బట్టకి అదీ చాలదు, స్ట్రెచ్ అని వేరే రకం ఉంది. దాని వెనకవైపు గుంట ఎక్కువ లోతు, కొక్కెం సూదికి మరీ దగ్గరగా వచ్చి చిన్న ఉచ్చుని కూడా అందుకుంటుంది. ష్మెట్జ్ అనే కంపెనీ సూదుల్లో స్ట్రెచ్‌కి కాడ మీద పసుపు గీత ఉంటుంది. 11 నంబర్ తీసుకో, పొంటి లాంటి మందపాటి అల్లిక బట్టకి 14.

సూది మార్చాక అటూ ఇటూ వంకరగా పడే సన్నటి జిగ్‌జాగ్ పెట్టి కుట్టు, వెడల్పు అర మిల్లీమీటరు చాలు. సూటి కుట్టు వేస్తే లెగ్గింగ్స్ వేసుకుని కూర్చోగానే దారం పుటుక్కుమంటుంది. బట్టని లాగకు, చేయి ఊరికే ఆనించి దారి చూపించు.

ప్రశ్న: మేడమ్, మేం మహిళా సంఘం తరఫున స్కూల్ యూనిఫారాలు కుడుతున్నాం. కొందరివి ఇంటి మిషన్లు, కొందరివి జూకీ పవర్ మిషన్లు. సూది ఎన్నాళ్లకి మార్చాలనే దాని మీద మాలో మాకే గొడవ. విరిగేదాకా మార్చక్కర్లేదని పెద్దవాళ్లు అంటారు. (రాజన్న సిరిసిల్ల జిల్లా)

జవాబు: పెద్దవాళ్ల మాట ఇక్కడ వినకండి. సూది విరిగేదాకా ఆగితే అప్పటికే ఎన్ని యూనిఫారాలు పాడయ్యాయో లెక్క తెలియదు. సూది ఒక్కసారిగా చెడిపోదు. మొన కొంచెం కొంచెం అరుగుతుంది, వంగుతుంది, బెజ్జం అంచులు గరుకవుతాయి, వీటిలో ఏదీ పైకి కనబడదు.

కుట్టుపనివాళ్లు పాటించే లెక్క ఎనిమిది గంటలు. ఎనిమిది గంటలంటే గడియారం లెక్క కాదు, మిషన్ నిజంగా నడిచిన సమయం. ఇంట్లో వారానికి రెండు జాకెట్లు కుట్టుకునేవాళ్లకి అది నెలల మాట. మీలా పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటే రోజుకో సూది, మహా అయితే రెండ్రోజులకి ఒకటి. యూనిఫారం బట్ట పాలిస్టర్ కలిసినది, కాటన్ కంటే సూదిని త్వరగా అరగదీస్తుంది, దీన్ని కూడా లెక్కలో వేసుకోండి. ఒక చొక్కా విప్పి మళ్లీ కుట్టడానికి పట్టే సమయం, కూలి చూస్తే సూది ఖరీదు దాని ముందు ఏమీ కాదు.

గడువు రాకముందే మార్చాల్సిన గుర్తులు కూడా ఉన్నాయి. సూది బట్టలోకి దిగేటప్పుడు టప్ టప్‌మని చప్పుడు వస్తుంటే మొన మొండిబారినట్టే, మంచి సూది చప్పుడు చేయదు. పై దారం పీచు లేస్తూ తెగుతుంటే బెజ్జం గరుకైనట్టు. అనుమానం వస్తే సూది విప్పి మొనని గోటి మీద ఏటవాలుగా మెల్లగా జరపండి, గీత పడితే మొన వంకరపోయింది. ఇంకో పరీక్ష, సూది చదునువైపుని అద్దం ముక్క మీద ఆనించి పక్కనుంచి వెలుగులో చూడండి, సూదికీ అద్దానికీ మధ్య సందు మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉండాలి, మొన వైపు తగ్గినా పెరిగినా సూది వంగింది. జూకీ సూదికి చదునువైపు ఉండదు కాబట్టి దాన్ని అద్దం మీద దొర్లించి చూడండి, మొన పైకీ కిందికీ ఊగితే పారేయండి.

జూకీ మిషన్ల మీద కుట్టేవాళ్లకి ఇంకో మాట. ఆ మిషన్లు నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేయగలవు. ఆ వేగంలో బట్టతో రాపిడికి సూది 200 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, పాలిస్టర్ 250, 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందుకే పొడుగు కుట్టు ఏకబిగిన లాగినప్పుడు దారం మెత్తబడి తెగుతుంది, బెజ్జంలో చిన్న జిగురు బొట్టులా అంటుకుంటుంది. దారం నాసిరకం అని షాపువాడితో గొడవపడేముందు సూది బెజ్జం చూడండి. వేగం కాస్త తగ్గించండి, ప్యాంటు కుట్టుకి పనికొచ్చే 16 సూదిని చొక్కా మీద వాడకండి, సూది లావయ్యేకొద్దీ రాపిడి, వేడి పెరుగుతాయి.

ఎగుమతి దుస్తుల ఫ్యాక్టరీల్లో ఒక పద్ధతి ఉంది, మీ సంఘంలో కూడా పెట్టుకుంటే బాగుంటుంది. అక్కడ సూది విరిగితే ముక్కలన్నీ ఏరి, కాగితం మీద అతికించి, అన్నీ దొరికాయని సూపర్‌వైజర్ చూశాకే కొత్త సూది ఇస్తారు, రిజిస్టర్‌లో రాస్తారు. ఒక్క ముక్క తక్కువైనా ఆ బట్టల కట్ట పక్కన పెట్టి వెతుకుతారు. మీరు కుట్టేది చిన్నపిల్లల ఒంటి మీదికి వెళ్లే బట్ట. ఏ కాలర్ మడతలోనో విరిగిన మొన ఉండిపోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, ఒక అయస్కాంతం కొనుక్కోండి.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను టైలర్‌ని. పెళ్లిళ్ల సీజన్లో మగ్గం వర్క్ జాకెట్లు ఎక్కువ వస్తాయి. ఒక్కో జాకెట్‌కి మూడు నాలుగు సూదులు విరుగుతున్నాయి. 16 తీసి 18 వేశాను, అదీ విరుగుతోంది. గట్టి సూది ఏదైనా ఉందా? (గుంటూరు)

జవాబు: పూసని గుద్దుకుంటే ఏ సూదైనా విరుగుతుంది అండీ, 18 కాదు 21 వేసినా అంతే. పైగా లావు సూది రా సిల్క్‌లో చేసే చిల్లు మళ్లీ పూడదు, ఫిటింగ్ కోసం ఒక కుట్టు విప్పాల్సి వస్తే పాత చిల్లుల వరుస కస్టమర్‌కి కనబడుతుంది. మళ్లీ 14కి వచ్చేయండి, లైనింగ్‌తో కలిపి కూడా 14 చాలు.

అసలు పని కుట్టడానికి ముందే ఉంది. వర్క్‌కి ఇచ్చేముందు మీరే జాకెట్ కొలతలు బట్ట మీద గీసి ఇవ్వండి, కుట్టు గీతకి రెండు వైపులా పూస, కుందన్, కట్‌దానా, జర్దోసీ ఏదీ రాకుండా కాస్త చోటు వదలమని మగ్గం మాస్టర్‌కి చెప్పండి. చంక దగ్గర, భుజం కలిపే చోట ఇది మరీ ముఖ్యం. అప్పటికే వర్క్ అయిపోయి వచ్చిన బట్టైతే కుట్టు గీత మీద చేత్తో తడిమి చూసి, అడ్డం వచ్చిన గాజుపూసల్ని ప్లయర్‌తో నలిపి తీసేయండి, దారం తెగకూడదు, తెగితే పక్క పూసలు కూడా ఊడిపోతాయి. పూస మీద గుడ్డ ముక్క కప్పి నలపండి, గాజు ముక్క కంట్లో పడొచ్చు. తర్వాత జిప్ కుట్టే ఒకవైపు పాదం (బట్టని నొక్కిపట్టే భాగం) వేసుకోండి, మామూలు పాదం పూసల మీద ఎక్కితే ఒక పక్కకి ఒరుగుతుంది, బట్ట జరిగి సూది వంగి, సూది దిగే రంధ్రం ఉన్న ప్లేటుకి తగులుతుంది. పూసలు దగ్గరగా ఉన్న చోట పెడల్ వదిలేసి చక్రం చేత్తో తిప్పండి.

విరిగినప్పుడల్లా షటిల్ విప్పి లోపల చూడటం మర్చిపోకండి. మొన ముక్క అందులో పడితే కొక్కెం మీద గీత పడుతుంది. సూది తగిలి ప్లేటు రంధ్రం అంచు గరుకైనా దారం అక్కడే ఒరుసుకుని తెగుతుంటుంది, మీరేమో దారం మార్చి, సూది మార్చి, టెన్షన్ మార్చి విసిగిపోతారు. వేలితో తడిమితే గరుకు తెలుస్తుంది, సన్నటి ఎమరీ కాగితంతో రుద్దితే పోతుంది, లోతుగా పడితే ప్లేటు మార్చాలి.

జరీ దారంతో మిషన్ మీదే పైకుట్టు వేసేవాళ్లు మెటాలిక్ సూది అడగండి. దాని బెజ్జం పొడుగ్గా, పెద్దగా, లోపల నునుపుగా ఉంటుంది, జరీ పొర ఊడకుండా జారుతుంది. మామూలు 11 సూదిలో జరీ దారం ఎక్కించి తెగుతోందని బాధపడి లాభం లేదు.

ప్రశ్న: జీన్స్ పొడవు తగ్గిద్దామంటే పక్క కుట్టు మందం దగ్గరికి రాగానే సూది విరుగుతోంది. (హనుమకొండ)

జవాబు: జీన్స్ అని రాసి ఉన్న 16 సూది వేయండి, దాని ఒళ్లు గట్టిది, మందంలో వంగదు. బరువైన డెనిమ్‌కి 18. కానీ మీ సూది విరుగుతున్నది మందం వల్ల మాత్రమే కాదు, గుట్ట ఎక్కేటప్పుడు పాదం ముందు పైకి లేచి వెనక కిందికి ఉంటుంది, బట్ట ముందుకి కదలదు, మనం వెనకనుంచి లాగుతాం, లాగినప్పుడు సూది వంగి ప్లేటుకి కొట్టుకుంటుంది. పాదం వెనక అడుగున అంతే మందం ఉన్న మడత పెట్టిన జీన్స్ ముక్క ఉంచి పాదాన్ని సమం చేయండి. ఆ గుట్టని ముందే సుత్తితో రెండు దెబ్బలు వేసి నలగ్గొట్టండి. అక్కడ నాలుగు కుట్లు చక్రం తిప్పుతూ వేయండి. జీన్స్ లావు దారం పైన మాత్రమే, బాబిన్‌లో మామూలు దారమే.

ప్రశ్న: షాపువాడు ఇచ్చిన సూది బిగించాక మిషన్ ఒక్క కుట్టు కూడా వేయడం లేదు. పాత సూది వేస్తే కుడుతోంది. కొత్త సూదులే నకిలీవా? (రాజమహేంద్రవరం)

జవాబు: నకిలీ కాకపోవచ్చు, మీ మిషన్‌వి కాకపోవచ్చు. రెండు సూదుల కాడలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంటి మిషన్ సూదికి కాడ ఒకవైపు చదునుగా ఉంటుంది, ప్యాకెట్ మీద హెచ్ఏ×1 అనో 15×1 అనో 130/705 హెచ్ అనో రాసి ఉంటుంది, మూడూ ఒకటే. జూకీ లాంటి పవర్ మిషన్ సూది కాడ చుట్టూ గుండ్రం, డీబీ×1 అని ఉంటుంది. దాని కాడ 1.6 మిల్లీమీటర్లు, మన ఇంటి సూది కాడ 2 మిల్లీమీటర్లు, కాబట్టి అది మీ మిషన్‌లో దూరుతుంది, స్క్రూ కూడా బిగుస్తుంది, కానీ ఉండాల్సిన చోట ఉండదు. కొక్కెం దాన్ని అందుకోలేదు. షాపులో ఊరికే 14 నంబర్ సూది అంటే రెండింట్లో ఏదైనా ఇస్తారు, పాత సూది చేత్తో పట్టుకెళ్లండి.

కాడ చదునుగానే ఉంటే, తిరగేసి బిగించి ఉంటారు. సూదికి ఒకవైపు పై నుంచి బెజ్జం దాకా పొడుగు గాడి ఉంటుంది, దారం అందులో ఒదిగి కిందికి దిగుతుంది. దారం ఏ వైపు నుంచి బెజ్జంలోకి వెళ్తుందో గాడి ఆ వైపు ఉండాలి, చదును దానికి ఎదురువైపు. కొత్త జిగ్‌జాగ్ మిషన్లలో దారం ముందునుంచి ఎక్కిస్తాం కాబట్టి చదును వెనక్కి. పక్కనుంచి దారం ఎక్కించే నల్ల మిషన్లలో గాడి ఆ పక్కకి. జూకీలో గాడి ఎడమవైపు. ఇంకోటి, సూదిని పైన తగిలి ఆగేదాకా నెట్టి పట్టుకుని స్క్రూ బిగించాలి, కాస్త కిందికి జారినా కుట్టు పడదు, షటిల్‌కి తగిలి విరుగుతుంది కూడా.

ప్రశ్న: రెక్సిన్ బ్యాగులు కుడుతున్నాను, లెదర్ సూది వేస్తే కుట్టు గీత వెంట చిరిగిపోతోంది. (విజయనగరం)

జవాబు: లెదర్ సూది మొన ఉలిలా ఉంటుంది, తోలుని కోసుకుంటూ దిగడానికి. అసలు తోలుకే అది వాడాలి. రెక్సిన్ అడుగున నేత బట్ట ఉంటుంది, ఆ పోగుల్ని కూడా కోసేస్తోంది. జీన్స్ సూది 16 పెట్టి, కుట్టు పొడవు 3.5 నుంచి 4 మిల్లీమీటర్లకు పెంచండి. దగ్గర దగ్గర చిల్లులు పడితే ఏ సూదితో కుట్టినా చిరుగుతుంది. ఒకసారి పడిన చిల్లు పోదు కాబట్టి గుండుసూదులు వద్దు, క్లిప్పులు పెట్టుకోండి.

ప్రశ్న: అక్కా, ఇక్కడ మిషన్ కొనుక్కున్నాను. బతుకమ్మకి పాపకి పట్టు పరికిణీ కుడదామని. అమ్మ ఇండియా నుంచి పంపిన సూదులు ఇక్కడి మిషన్‌కి పడతాయా? పట్టుకి ఏ సూది వాడాలి? (న్యూజెర్సీ నుంచి)

జవాబు: ప్యాకెట్ మీద పైన చెప్పిన మూడు పేర్లలో ఏది ఉన్నా నిక్షేపంగా పడతాయి, ఇంటి మిషన్లకి దాదాపు అన్ని దేశాల్లోనూ ఒకటే కొలత. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఒకసారి సరిచూసుకోండి. ఓవర్‌లాక్ మిషన్ (బట్ట అంచు పోగులూడకుండా కుట్టేది) కూడా ఉంటే దానికి వేరే రకం ఉండొచ్చు, అది కూడా పుస్తకంలోనే చూడాలి. సముద్రం మీదుగానో, మన ఇళ్లలో వానాకాలంలోనో తేమ తగిలి సూది మీద చిన్న చుక్కంత తుప్పు కనబడినా ఆ సూది పట్టు మీద పెట్టకండి.

పట్టుకి 11 మైక్రోటెక్స్, అదీ కొత్తది. పాత సూది పట్టు పోగుని లాగితే ఇక ఆ గీత ఇస్త్రీకి కూడా పోదు. జరీ అంచు మందంగా ఉండి 11 కష్టపడుతుంటే అంచు వరకే 14కి మారండి. మెత్తటి దారం, 2.5 మిల్లీమీటర్ల కుట్టు. గుండుసూదులు కుట్టు మార్జిన్ లోపలే గుచ్చండి, పైకి కనబడే చోట గుచ్చితే ఆ చిల్లు కూడా మిగిలిపోతుంది. సూది కొనకి తగిలేలా గుండుసూదుల మీదుగా మిషన్ నడపకండి.

పిల్ల ఎదుగుతుందని పరికిణీకి లోపల టక్కులు వేస్తాం కదా, వాటి దగ్గర ఇంకా జాగ్రత్త. రెండేళ్ల తర్వాత టక్కు విప్పితే మడత గీత ఇస్త్రీతో కొంతవరకు పోతుంది, సూది చిల్లుల వరుస పోదు, మిషన్ మీద 14, 16 సూదితో దగ్గర కుట్టు వేసిన టక్కులైతే పరికిణీ చుట్టూ చుక్కల గీతలా కనబడుతుంది. మిషన్ మీదే వేయాలంటే 9 లేదా 11 సూదితో, మిషన్‌లో ఉన్నంతలో పొడుగు కుట్టు పెట్టి వేయండి. ఓపిక ఉంటే టక్కులు మాత్రం సన్న చేతి సూదితో, పట్టు దారంతో దూరం దూరం కుట్లు వేసుకోండి, విప్పేటప్పుడు ఒక్క దారం లాగితే వచ్చేస్తుంది.